కండా సత్తువా: ప్రయోగదశలో ఉన్న కండరాల మందులు

మనిషి ఒంట్లో కదలికకు పనికొచ్చే కండరాలు ఆరు వందలకు పైగా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న యువకుడి బరువులో మూడో వంతుకు పైగా ఇవే. నడక, మోత, ఊపిరి, మింగుడు అన్నీ వీటి పనే. భోజనం తరవాత నెత్తురులోకి చేరిన చక్కెరలో పెద్ద భాగాన్ని దాచుకునేవి ఇవే. జబ్బుపడి తిండి సయించని రోజుల్లో శరీరం మాంసకృత్తులను వీటినుంచే తీసుకుంటుంది. క్యాన్సర్, క్షయ, అదుపు తప్పిన మధుమేహం, ముసలితనం కండను కరిగిస్తాయి. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులైతే పిల్లల కండరాలను ఏడాదికేడాది తినేస్తాయి. కండను నిలబెట్టే మందు కోసం వైద్యశాస్త్రం దశాబ్దాలుగా వెతకడానికి కారణం ఇలా కండ కోల్పోయేవారందరి అవసరం.

కండరం సన్నని పోగుల కట్ట. పుట్టిన తరవాత పోగుల సంఖ్య పెద్దగా పెరగదు, ఉన్న పోగులే లావెక్కుతాయి. పోగు పక్కనే అతుక్కుని ఉండే మూలకణాలను 1961లో అలెగ్జాండర్ మౌరో గుర్తించాడు. దెబ్బతిన్న పోగును బాగుచేసేవి అవే. ఇక ఆ పోగుకు శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతికినవారిలో తెలుగువాడు ఒకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టాడు. కండరం లాక్టిక్ ఆమ్లంతోనే పనిచేస్తుందని అప్పటి నమ్మకం, ఆ దారిలో చేసిన పరిశోధనకే 1922 నోబెల్ బహుమతి దక్కింది. ఆ నమ్మకం కదలడానికి సుబ్బారావు పని ఒక ముఖ్య కారణం. ఇవాళ కర్నూలు, కడప వ్యాయామశాలల్లో యువకులు నీళ్లలో కలుపుకుని తాగే క్రియాటిన్ పొడి ఆ పదార్థపు సగభాగమే. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుని కసరత్తు చేస్తే కొద్దిపాటి మేలు ఉంటుందని, ఆరోగ్యవంతులకు ప్రమాదం తక్కువని చాలా పరీక్షలు చెప్పాయి. అయితే అది వాడేవారి నెత్తురు పరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ కనబడవచ్చు. వాడుతున్న సంగతి వైద్యుడికి చెప్పకపోతే లేని మూత్రపిండాల జబ్బు ఉన్నట్టు తోస్తుంది.

క్రియాటిన్ ఆహార పదార్థం. అసలు మందుల కథ టెస్టోస్టిరాన్‌తో మొదలైంది. 1935లో ఈ మగ హార్మోన్‌ను వేరుచేసి, ప్రయోగశాలలో తయారుచేశారు. దానికి చిన్న మార్పులు చేసి మాత్రగా మింగదగిన మెథాండియనోన్‌ను సీబా సంస్థ 1958లో డయానబాల్ పేరుతో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. ఇవి కండ పెంచుతాయా లేదా అన్న వాదం చాలాకాలం తేలలేదు. శలేందర్ భాసిన్ బృందం 1996లో ప్రకటించిన పరీక్ష దాన్ని తేల్చింది. వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ తీసుకుంటూ కసరత్తు చేసిన మగవారిలో పది వారాల్లో కొవ్వు కాని బరువు సగటున 6 కిలోలకు పైగా పెరిగింది. మందు పనిచేస్తుందన్నది నిజమే. కాని అదే హార్మోన్ కండరంతో పాటు ప్రోస్టేట్‌నూ, ఎర్రకణాలనూ, కొలెస్టరాల్‌నూ కదిలిస్తుంది. శరీరం తన సొంత హార్మోన్ తయారీని ఆపేస్తుంది. అందుకే కండరానికీ ఎముకకూ మాత్రమే తగిలే మందు కోసం 1990ల్లో వెతుకులాట మొదలైంది. అలా పుట్టిన వర్గాన్ని సార్మ్స్ అంటారు. వాటిలో పేరుపడ్డది ఎనోబోసార్మ్, అంగడి పేరు ఆస్టరిన్. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షల్లో అది కండ తగ్గకుండా కాపాడింది గాని, మెట్లెక్కే సామర్థ్యంలో స్థిరమైన మేలు చూపలేకపోయింది. కండ ఉండటం వేరు, సత్తువ ఉండటం వేరు. ఈ మందుల చరిత్రలో పదేపదే ఎదురయ్యే చిక్కు ఇదే.

అన్నిటికంటె పెద్ద ఆశ రేపింది మయోస్టాటిన్. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్, ఆన్ లాలర్, సే-జిన్ లీ 1997లో ఒక జన్యువును పనిచేయకుండా చేసిన ఎలుకలను పుట్టించారు. వాటి కండరాలు మామూలు ఎలుకల కండరాలకు రెండు మూడు రెట్లు పెరిగాయి. కండరం ఒక హద్దు దాటకుండా ఆపే ప్రోటీన్‌ను ఆ జన్యువు తయారుచేస్తుంది. అదే మయోస్టాటిన్. బెల్జియన్ బ్లూ, పీడ్మాంటీజ్ అనే పశువుల జాతుల్లో ఇదే జన్యువు చెడిపోయి ఉందని ఆ ఏడాదే తేలింది. బెల్జియన్ బ్లూ ఎద్దు తొడలు చూస్తే నమ్మబుద్ధి కాదు. కాని దూడ మరీ కండతో ఉండటం వల్ల ఆ జాతి ఆవుల్లో చాలా ఈతలు కడుపు కోసి చేయవలసి వస్తుంది. 2004లో జర్మనీలో ఒక మగపిల్లవాడికి పుట్టినప్పటినుంచే ఈ జన్యువు రెండు ప్రతులూ పనిచేయడం లేదని వైద్యులు ప్రకటించారు. నాలుగున్నరేళ్ల వయసుకు ఆ బాబు చేతులు చాచి ఒక్కో చేత్తో మూడు కిలోల బరువు పట్టుకోగలిగాడు. మనిషిలోనూ ఈ అడ్డు తీయవచ్చన్న నమ్మకానికి అది బలమైన ఆధారమైంది. పెద్ద కంపెనీలు వరసగా దిగాయి.

ఫలితాలు మాత్రం ఆశించినట్టు లేవు. వైయెత్ సంస్థ మయోస్టాటిన్ మీద తెచ్చిన యాంటీబాడీని 116 మంది కండర క్షీణత రోగుల మీద పరీక్షించారు. 2008లో వెలువడ్డ ఫలితాల్లో సత్తువ పెరగలేదు. డుషేన్ కండర క్షీణత ఉన్న పిల్లల్లో ఫైజర్ పరీక్షించిన డోమాగ్రోజుమాబ్ మెట్లెక్కే వేగంలో తేడా చూపకపోవడంతో 2018లో ఆపేశారు. ఏసీఈ-031 అనే మందు కథ ఇంకా బాధ కలిగిస్తుంది. అది మయోస్టాటిన్‌తో పాటు దాని బంధువులైన ఇతర ప్రోటీన్లనూ పట్టి ఉంచేది. మందు తీసుకున్న పిల్లలకు ముక్కునుంచీ చిగుళ్లనుంచీ నెత్తురు కారింది, చర్మం మీద సన్నని రక్తనాళాలు ఎర్రగా ఉబ్బి కనిపించాయి. 2011లో ఆ పరీక్ష నిలిచిపోయింది. రక్తనాళాలను సరిగా ఉంచే ప్రోటీన్లను కూడా ఆ మందు పట్టేయడమే కారణమని తరవాత వివరించారు. నోవార్టిస్ తెచ్చిన బిమాగ్రుమాబ్ కండను నిజంగానే పెంచింది. అయినా ఒక రకం కండరాల వాపు జబ్బు ఉన్న 251 మందిలో ఆరు నిమిషాల నడక దూరాన్ని పెంచలేకపోయింది.

ఈ చివరి కొలమానం ఎందుకంత ముఖ్యమో రాయలసీమ రైతుకు విడమర్చి చెప్పనక్కర లేదు. నంద్యాల, కర్నూలు, కడప పల్లెల తిరునాళ్లలో ఒంగోలు జాతి ఎద్దులకు బండలాగుడు పోటీలు పెడతారు. ఎద్దుల మెడ ఎంత లావుందో, మూపురం ఎంత ఎత్తుందో చూసి బహుమతి ఇవ్వరు. పెట్టిన గడువులో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. మందుల పరీక్షల్లో నడక దూరం, మెట్లెక్కే సమయం కొలవడం అలాంటిదే. స్కానింగ్‌లో కండ మందం పెరిగినట్టు కనబడితే కంపెనీకి చూపుకోవడానికి ఒక సంఖ్య దొరుకుతుంది. రోగికి కావలసింది తనంతట తాను మంచం మీంచి లేవగలగడం.

కండ పెరిగినా సత్తువ ఎందుకు రాదన్న ప్రశ్నకు ఎలుకలే కొంత జవాబిచ్చాయి. మయోస్టాటిన్ లేని ఎలుకల కండరం లావుగా ఉన్నా, అంతే మందం ఉన్న మామూలు కండరం పుట్టించేటంత బలాన్ని పుట్టించలేదని 2007లో ఒక యూరప్ బృందం చూపింది. వాటి పోగుల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు తక్కువ. డుషేన్ జబ్బులోనైతే పోగు గోడను నిలబెట్టే డిస్ట్రాఫిన్ ప్రోటీనే ఉండదు. ఆ గోడను సరిచేయకుండా పోగును లావు చేస్తే అది చిరగడం ఆగదు. పైగా జబ్బు ముదిరిన పిల్లల్లో కండరం చోటును కొవ్వు, పీచు ఆక్రమించి ఉంటాయి. పెంచడానికి మిగిలిన కండే తక్కువ. నరాలు, కీళ్లు, తూకం, అభ్యాసం కూడా బలంలో భాగమే. బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం 1990లో ప్రకటించిన పరీక్షను ఇక్కడ చెప్పుకోవాలి. వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున తొంభై ఏళ్ల వయసున్న వారితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల కసరత్తు చేయించారు. తొడ కండ 9 శాతం పెరిగింది, బలం 174 శాతం పెరిగింది. ఇప్పటిదాకా ఏ మందూ దానికి సాటిరాలేదు.

అలాగని పరిశోధన వృథా పోలేదు. ఇదే ప్రోటీన్ కుటుంబాన్ని పట్టి ఉంచే మందులు రెండు వేరే దారిలో రోగులకు ఉపయోగపడ్డాయి. లస్పాటర్‌సెప్ట్ తలసీమియా రోగుల రక్తహీనతకు 2019లో, సోటాటర్‌సెప్ట్ ఊపిరితిత్తుల రక్తపోటుకు 2024లో అమెరికాలో అనుమతి పొందాయి. కండరాల విషయంలో మేలైన వార్త వెన్నెముక కండర క్షీణత, అంటే ఎస్ఎంఏ జబ్బులో వచ్చింది. అపిటెగ్రోమాబ్ అనే మందు మయోస్టాటిన్‌ను అది పూర్తిగా తయారుకాక ముందే పట్టుకుంటుంది, దాని బంధువుల జోలికి పోదు. నరాలను కాపాడే మందు అప్పటికే వాడుతున్న పిల్లల్లో ఇది కదలికల స్కోరును డమ్మీ మందు తీసుకున్నవారికంటె 1.8 పాయింట్లు పెంచింది. పోగు గోడ చెడని జబ్బును ఎంచుకోవడం, మూలకారణానికి మందు ముందే ఇచ్చి ఉండటం ఈ ఫలితానికి కారణాలు కావచ్చు. 2025 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ దీనికి అనుమతి ఇవ్వకుండా ఆపింది. మందును సీసాల్లో నింపే కర్మాగారంలో లోపాలున్నాయన్నది కారణం.

ఇంకో దారి బరువు తగ్గించే మందులతో తెరుచుకుంది. సెమాగ్లూటైడ్ వంటివి వాడి బరువు తగ్గినవారిలో, తగ్గినదంతా కొవ్వు కాదు. అందులో పాతిక నుంచి నలభై శాతం దాకా కండ తదితర కొవ్వులేని భాగం ఉండవచ్చు. సెమాగ్లూటైడ్‌కు బిమాగ్రుమాబ్ జోడించి చేసిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. 72 వారాల్లో బరువు 22 శాతం తగ్గింది, తగ్గినదానిలో 92.8 శాతం కొవ్వే. కండరాలు పట్టేయడం, మొటిమలు, విరేచనాలు దుష్ఫలితాలుగా కనిపించాయి. భారతదేశంలో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే కాబట్టి ఇక్కడ ఈ ప్రశ్న దూరపుది కాదు. ఒకే బరువున్న యూరప్‌వాడితో పోలిస్తే భారతీయుడి ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. ఉన్న కాస్త కండను పోగొట్టే మందు ఇక్కడ మరింత జాగ్రత్తగా వాడాలి. ఆ పోయిన కండను నిలబెట్టే రెండో మందు సత్తువనూ నిలబెడుతుందా అన్నది చాలాకాలం వాడి చూస్తేనే తేలుతుంది.

కర్నూలు, కడప ప్రాంతంలో ఈ మందుల కోసం ఎదురుచూసేవారు ఎవరు? మొదట డుషేన్ పిల్లలు. ఈ జబ్బు దాదాపు మగపిల్లలకే వస్తుంది. మూడు నుంచి ఐదేళ్ల మధ్య పిక్కలు లావుగా కనబడతాయి, చూసినవారు బిడ్డ బలంగా ఉన్నాడనుకుంటారు. కింద కూర్చున్న బాబు తొడల మీద చేతులు ఆనించి పైకి లేస్తుంటే అనుమానించాలి. తొలి మెట్టుగా నెత్తురులో సీపీకే అనే కండరాల ఎంజైమ్ పరీక్ష చేయించవచ్చు. మేనరికం వల్ల వచ్చిందని ఊళ్లో అనే మాట ఈ జబ్బు విషయంలో తప్పు. ఇది ఎక్స్ క్రోమోజోము మీది జన్యువు చెడటం వల్ల వస్తుంది. సుమారు మూడో వంతు బిడ్డల్లో తల్లికి కూడా లేని కొత్త మార్పుగా పుడుతుంది. తల్లిని గాని, పెళ్లి కుదిర్చినవారిని గాని నిందించడంలో న్యాయం లేదు. ఎస్ఎంఏ అలా కాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతేనే బిడ్డకు వస్తుంది, దగ్గరి రక్తసంబంధంలో ఆ అవకాశం పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్లలో సుమారు నాలుగో వంతు బంధువుల మధ్యే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బు ఉంటే, ఆ కుటుంబం వాహక పరీక్ష చేయించుకోవడం ఏ ప్రయోగపు మందుకన్నా ముందు చేయవలసిన పని.

ఎస్ఎంఏ మందు ధర కథలోనూ తెలుగు నేల పాత్ర ఉంది. రోష్ సంస్థ రిస్డిప్లామ్ సీసా ఇక్కడ ఆరు లక్షల రూపాయల పైచిలుకు ధరకు అమ్మేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా అదే మందును తయారుచేయబోతే పేటెంటు కేసు నడిచింది. 2025 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, తరవాత సుప్రీంకోర్టు నాట్కోను ఆపడానికి ఒప్పుకోలేదు. సీసా 15,900 రూపాయలకు వచ్చింది. అదీ పేదకు భారమే గాని, అందని ఎత్తులోంచి అప్పు చేసైనా అందుకోగల చోటికి దిగింది. జాతీయ అరుదైన జబ్బుల విధానం కింద రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. అది గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే అందుతుంది. అలాంటి కేంద్రాలున్న హైదరాబాద్ కర్నూలుకు రెండు వందల కిలోమీటర్లకు పైన, కడపకు దానికి ఇంచుమించు రెట్టింపు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాణ్ణి అంత దూరం తిప్పడం ఏ తల్లికైనా కష్టమే. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన తీవ్ర కండర క్షీణత రోగులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. మందు లేనిచోట బతుకును మోసేది ప్రస్తుతానికి అదే.

రెండో వర్గం ముసలివారు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో పనిచేసే వయసువారు సుగ్గికి, అంటే కూలి పనులకు, వలస పోతే ఇళ్లలో మిగిలేది వృద్ధులూ చిన్నపిల్లలూ. వయసుతో కండ కరిగే స్థితికి ఇంతవరకు ఏ దేశంలోనూ అనుమతి పొందిన మందు లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి అది యాభై గ్రాములు. రాగి సంగటి, ఊరిబిండితో గడిచే పూటలో అంత రాదు. ఈ మెట్ట నేలలో పండే ఉలవల్లో నూటికి ఇరవై పాళ్లకు పైగా, చెనిక్కాయల్లో దాదాపు పాతిక పాళ్లు మాంసకృత్తులుంటాయి. కోడిగుడ్డు, పాలు తోడైతే లోటు తీరుతుంది. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం వంటి కసరత్తు దానికి జతపడాలి.

రోగులకోసం తయారైన మందులు రోగులకంటె ముందు ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ల చేతికి చేరుతున్నాయి. అపాయాల్లో పెద్దది ఇదే. పరీక్షల్లో ఓడిన సార్మ్స్ ‘పరిశోధనకు మాత్రమే’ అన్న చీటీతో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అమెరికాలో అలా అమ్ముడవుతున్న 44 సీసాలను 2017లో ప్రయోగశాలలో పరీక్షిస్తే 23 సీసాల్లోనే సార్మ్స్ ఉన్నాయి. 17 సీసాల్లో అనుమతి లేని ఇతర మందులున్నాయి, నాలుగింట్లో ఏ మందూ లేదు. నిజంగా మందున్న సీసాలు వాడినవారిలో కామెర్లతో కాలేయం దెబ్బతిన్న రోగులను వైద్య పత్రికలు నమోదు చేశాయి. స్టెరాయిడ్ ఇంజక్షన్ల నష్టం ఇంకా స్పష్టంగా తెలుసు. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు ఆగిపోతాయి. కొందరిలో మందు మానేసిన చాలాకాలానికీ తిరిగి రావు. నెత్తురు చిక్కబడుతుంది, మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, గుండె కండరం మందమై బలహీనపడుతుంది. ఎదిగే వయసు పిల్లల్లో ఎముకల చివరలు ముందే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది. డెన్మార్క్‌లో స్టెరాయిడ్లు వాడినట్టు తేలిన 1,189 మంది మగవారిని ఏళ్ల తరబడి గమనిస్తే, అదే వయసు ఇతరులతో పోల్చినప్పుడు మరణాలు మూడు రెట్లకు దగ్గరగా ఉన్నాయి.

హైదరాబాద్‌లో పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు వ్యాయామశాలలకు అక్రమంగా చేరుతున్న మెఫెంటెర్మిన్ ఇంజక్షన్లను పలుమార్లు పట్టుకున్నారు. శస్త్రచికిత్సలో వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటును నిలబెట్టడానికి వాడే మందు అది. కండను పెంచదు. అలసట తెలియనివ్వక గుండెను పరుగెత్తిస్తుంది, అలవాటుగా మారుతుంది. సన్నగా ఉన్నవారు లావెక్కడానికి చీటీ లేకుండా కొనే డెక్సామెథాసోన్ మాత్రల సంగతి ఇంకో రకం. అవి కూడా స్టెరాయిడ్లే అయినా కండ పెంచేవి కావు. ముఖం ఉబ్బుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, లోపల తొడల కండ కరుగుతుంది, చక్కెర పెరుగుతుంది. నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు. పెళ్లి చూపులకు ముందు కాస్త ఒళ్లు చేయాలని బిడ్డకు ఈ మాత్రలు కొనిచ్చే తల్లిదండ్రులకు ఈ విషయం ఎవరో ఒకరు చెప్పి తీరాలి. మందుల దుకాణం వాళ్లే చెబితే మరీ మేలు.

క్రీడల్లో సార్మ్స్‌నూ, మయోస్టాటిన్‌ను ఆపే మందులనూ ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ 2008 నుంచే నిషేధించింది, మార్కెట్లోకి ఏ ఒక్కటీ రాకముందే. 2023లో భారత్‌లో పరీక్షించిన 5,606 నమూనాల్లో 213 నిషిద్ధ పదార్థాలతో పట్టుబడ్డాయి. ఎక్కువ పరీక్షలు జరిపే దేశాల్లో ఇది చాలా పెద్ద నిష్పత్తి. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు దేహదారుఢ్య పరీక్షల కోసం సిద్ధమయ్యే పల్లె యువకులకు ఈ డోపింగ్ పరీక్షలు ఉండవు, హెచ్చరించేవారూ తక్కువ.

ఇక రోగి ఒక ప్రయోగంలో చేరదలచినప్పటి సంగతి. కండరాల మందుల పరీక్షలు హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో జరిగినా, అందులో చేరేవారు పల్లెలనుంచీ రావచ్చు. తెలుగు నేలకు చేదు అనుభవం ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో, హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల బదులు సంతకాలు చేశారని తేలింది. 2010 ఏప్రిల్‌లో అది ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. అక్కడ టీకా మీద కంటె సమ్మతి తీసుకున్న తీరు మీదే పెద్ద అభ్యంతరం. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాలు ఇలాంటి అనుభవాల తరవాత వచ్చాయి. ప్రతి పరీక్షా మొదలయ్యేముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఆ వివరాలు ఎవరైనా చూడవచ్చు. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. బలహీన స్థితిలో ఉన్నవారిని కొత్త రసాయనాల పరీక్షలో చేర్చుకుంటే సమ్మతి ఇచ్చే తీరును దృశ్య శ్రవణ రూపంలో రికార్డు చేయాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వవలసినది పరీక్ష జరిపే సంస్థే. పరీక్షకు డబ్బు కట్టించుకుంటే అది పరీక్ష కాదని రోగి కుటుంబం గ్రహించాలి. చేరేముందు అడగవలసినవి మరో మూడున్నాయి: డమ్మీ మందు పడే అవకాశం ఎంత, కొలిచేది కండ మందాన్నా లేక నడకనా, పరీక్ష ముగిశాక మందు దొరుకుతుందా. ఈ చివరిదానికి నియమాల్లోనే చోటుంది. మందు మేలు చేసి, దానికి బదులు వేరే చికిత్స లేనప్పుడు, పరిశోధకుడు సిఫారసు చేసి నైతిక సంఘం ఒప్పుకుంటే, ఆ రోగికి మందును ఉచితంగా కొనసాగించవచ్చు. అందుకు రోగి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.